అంటించిన కవరు

తమిళనాట గుడియాత్తంలో డాక్టర్ జానకిరామన్ మందులిచ్చి బాగుచేసినవాళ్లకంటే, వేలూరు పెద్దాస్పత్రికి చీటీ రాసిచ్చి బతికించినవాళ్లే ఎక్కువని జనం చెప్పుకునేవాళ్లు. అందులో సగానికి సగం కల్పన. ఆ సంగతి డాక్టరుకూ తెలుసు. కానీ ఊరు నోరారా మెచ్చుకుంటూ ఉంటే మధ్యలో అడ్డుపడి దిద్దేంత అమాయకుడు కాదాయన.

నెమిలి అనే ఊరివైపు సేద్యం చేసుకునే తెలుగు కుటుంబంలో పుట్టి, మద్రాసులో డాక్టరీ చదివి, పెళ్లిచూపులకని గుడియాత్తం వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. పిల్లతోపాటు ఊరిని కూడా కట్టుకున్నాడని భార్య సరసమ్మ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్లుగా పొద్దున ఎనిమిదింటికి బజారువీధిలో క్లినిక్కు తలుపు తెరుస్తాడు. బెంచీమీద చివరి మనిషి లేచేదాకా మూయడు. ఎవరి ఇంట్లో ఎవరికి చక్కెర జబ్బు, ఏ కోడలికి రెండో కానుపు కష్టమైంది, ఏ ముసలాయన మాత్రలు మింగకుండా దిండుకింద దాస్తాడు అన్నీ ఆయన తలలోనే ఉంటాయి. రాసిపెట్టుకునే అలవాటు లేదు.

ఆయన రాసేదల్లా చీటీలే. తన చేతిలో తేలని జబ్బని తోస్తే, పిల్లలు బడిలో వాడే గీతల నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి, నీలం సిరాతో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు గీకి, కవర్లో పెట్టేవాడు. బల్లమీద బంకసీసా ఉండేది. అందులో బ్రష్షు ముంచి కవరు అంచుకు రాసి, బొటనవేలితో గట్టిగా రుద్ది అంటించేవాడు. "పెద్దాస్పత్రిలో ఇది చూపించండి, మిగతాది వాళ్లు చూసుకుంటారు" అనేవాడు. లోపల ఏం రాశాడో మాత్రం చెప్పేవాడు కాదు. రోగికి మందు ఇవ్వాలిగానీ జబ్బు పేరు ఇవ్వకూడదని ఆయనకు చదువు చెప్పిన పెద్ద డాక్టరు ఒకాయన అనేవాడట. పేరు వింటే మనిషి సగం అక్కడే కూలబడిపోతాడట. ఆ మాట జానకిరామన్‌కు బాగా నచ్చింది. నిజం చెప్పాలంటే, పేరు చెప్పాక ఎదుటివాళ్ల మొహాలు చూడటం ఆయనకూ కష్టంగానే ఉండేది.

ఇలా చీటీ తీసుకుని వెళ్లినవాళ్లు బాగై తిరిగొచ్చేసరికి, ఆ గొప్పంతా కాగితానికి వచ్చింది. డాక్టరు చేతి రాసి అన్నారు. ఆ ప్రాంతంలో రాసి అంటే అదృష్టం, హస్తవాసి. అది అక్కడితో ఆగలేదు. కానీ ఎంతదూరం వెళ్లిందో డాక్టరుకు తెలియదు. అందరి ఇళ్ల సంగతులూ తెలుసుననుకునే మనిషికి ఈ ఒక్కటే తెలియకపోవడం విచిత్రం.

తొంభైనాలుగులో గుడియాత్తం వేగంగా మారుతోంది. వీధికొక పసుపుపచ్చ ఎస్టీడీ బోర్డు, మిద్దెకొక డిష్షు, బస్టాండు వెనక రెండంతస్తుల కొత్త నర్సింగ్‌హోము కడుతున్నారు. అందులో స్కానింగు కూడా పెడతారని చెప్పుకుంటున్నారు. ఆ రోజుల్లోనే మందుల కంపెనీ తరఫున తిరిగే మోహన్‌రాజ్ అనే కుర్రాయన టై సర్దుకుంటూ వచ్చి, డాక్టరుకు తళతళలాడే లెటర్‌ప్యాడ్లు అరడజను ఇచ్చి వెళ్లాడు. పైన డాక్టరు పేరు, డిగ్రీలు, ఫోన్ నంబరు. కింద మూలన ఎర్రటి కాప్స్యూల్ బొమ్మ.

"ఇప్పుడు డాక్టరు మాదిరిగా ఉండారు" అంది సరసమ్మ.

"మరి ఇన్నాళ్లూ ఏ మాదిరిగా ఉన్నానో?"

"ఒకటో తరగతి అయ్యవారి మాదిరిగా."

దాంతో నోటుపుస్తకం సొరుగులోకి పోయింది.

కొత్త ప్యాడుమీద మొదటి చీటీ మేస్త్రీల వీధిలో ఉండే సురేంద్రన్ కోసం రాశాడు. కాంక్రీటుకు సెంట్రింగు చెక్కలు కొట్టే పనివాడు. కళ్లు పచ్చబడి, పొట్ట కుండలా ఉబ్బి వచ్చాడు. వెంట భార్య పుష్పవతి. డాక్టరు చూడగానే గ్రహించాడు, చెయ్యి దాటిపోయిందని. అయినా చీటీ రాసి, అంటించి, "తీసుకుపోమ్మా, చూస్తారు" అన్నాడు. వేలూరు పోతూ ఉండగానే పళ్లికొండ దగ్గర, టాక్సీలోనే సురేంద్రన్ కన్నుమూశాడు. కబురు విని డాక్టరు రెండురోజులు దిగులుగా ఉన్నాడు. మూడోరోజుకు బెంచీ నిండా జనం. మామూలే.

ఇంకో రెండు నెలలకు అదే వీధినుంచి కుప్పన్ మేస్త్రీ భార్య తంగమ్మ కోడల్ని తీసుకొచ్చింది. వాళ్లు తరతరాలుగా కట్టడం పనిమీద బతికే తెలుగు కుటుంబం. కుప్పన్ గోడ కడతాడు, కొడుకు శరవణన్ పూతపని చేస్తాడు, ఆడవాళ్లు ఇటుకలు, సిమెంటు మోస్తారు. కోడలి పేరు యువరాణి. ఇరవై ఒక్క ఏళ్లు, అయిదో నెల కడుపు.

"ఆయాసం సామీ" అంది తంగమ్మ. "నాలుగు ఇటికలు ఎత్తితే చాలు, కూసోని రొప్పుతాది. మొదటి కడుపు గదా, అట్లే ఉంటాదిలే అనుకొన్నాము. ఇప్పుడు పండుకోను కూడా అయ్యేది లేదంట. గోడకి ఆనుకోని కూసోనే ఉంటాది."

డాక్టరు పిల్ల చెంపలు చూశాడు. ఎండలో తిరిగిన ఎరుపు కాదది. "చిన్నప్పుడు ఎప్పుడన్నా మోకాళ్లు వాచి, జ్వరం వచ్చి, చాలా రోజులు మంచాన పడ్డావా అమ్మా?"

"పడినాను" అంది యువరాణి. "దాంతోనే ఇస్కూలు నిలిపేసినారు."

ఎడమవైపు ఒత్తిగిలి పడుకోమని స్టెతస్కోపు పెట్టాడు. ఆయన మొహం చూసి కాంపౌండరు పెరియసామి బెంచీమీద ఉన్నవాళ్లను మాట్లాడొద్దని సైగ చేశాడు. చాలాసేపు విన్నాడు డాక్టరు. గుండె లబ్‌డబ్ మధ్యలో, దూరాన తిరగలి తిప్పినట్టు సన్నటి గుర్రుమనే చప్పుడు. పై గదినుంచి కింది గదిలోకి నెత్తురు దిగే తలుపు ముడుచుకుపోయింది. మామూలు రోజుల్లో ఎట్లాగో నెట్టుకొచ్చిన గుండె, కడుపులో బిడ్డ పెరిగేకొద్దీ మోయలేదు. ఏడో నెల వచ్చేలోపు ఆ తలుపు తెరవకపోతే తల్లి దక్కదు, బిడ్డా దక్కదు. వేలూరులో ఈ మధ్య కోత లేకుండానే, తొడ దగ్గర నరంలోంచి సన్నటి గొట్టం పంపి, దాని కొసన బుడగ ఊది తెరుస్తున్నారని ఆయన చదివాడు.

ఇదంతా ఆయన ప్యాడుమీద ఇంగ్లీషులో రాశాడు. పైకి మాత్రం, "గుండెలో చిన్న ఇబ్బంది ఉంది. ఈ వారంలోనే వేలూరు పోవాలి. పనికి మాత్రం పంపొద్దు" అన్నాడు.

తంగమ్మ ప్యాడువైపే చూస్తోంది. "ఈ కాగితంలోనే రాసిస్తారా సామీ?"

"మరి తాటాకుమీద రాయమంటావా?" అని నవ్వి, కవరు అంటించి, మాత్రలు పెట్టి పంపించాడు. తంగమ్మ నవ్వలేదు. పెద్దాస్పత్రి అంటే భయపడుతోందనుకున్నాడు.

పన్నెండు రోజులు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే ఒక పక్షవాతం మనిషిని ఇంటికి వెళ్లి చూసి, తన పాత ఫియెట్ కారులో బస్టాండు వెనకగా వస్తున్నాడు. కొత్త నర్సింగ్‌హోము ముందు ఇసుక కుప్పమీద ఒక ఆడమనిషి రెండు చేతులూ వెనక్కి ఆనించి కూర్చుని ఉంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పక్కన సిమెంటు మోసే బాండలి, ఖాళీగా. కారు ఆపి దగ్గరికి వెళ్లాడు. యువరాణే.

"వేలూరు పోలేదా?"

పిల్లకు మాట్లాడే ఊపిరి లేదు. గోడ పక్కన కట్టిన సారువ కర్రలమీది నుంచి కుప్పన్ దిగి వచ్చాడు, తలగుడ్డ విప్పుకుంటూ, నవ్వుమొహంతో.

"పోయినాము గదా డాక్టరయ్యా! పోయిన బేస్తవారమే పోయి వచ్చినాము. ఏమీ భయం లేదన్నారు."

"ఎవరన్నారు?"

"పెద్ద డాక్టరే అన్నాడు. పండుకోబెట్టి, కడుపు నొక్కి చూసి, ఆపరేషను బాగా మానిపోయింది, ఏమీ లేదు, ఇంటికి పొమ్మన్నాడు."

"ఏ ఆపరేషను? ఈ పిల్లకు ఏ ఆపరేషనూ కాలేదే!"

"నాకి అయింది గదా సామీ. అయిదేండ్ల ముందర పేగు దిగిందని మీరే చీటీ రాసి పంపించినారు."

డాక్టరుకు ఏమీ అర్థం కాలేదు. కుప్పన్ ఓపికగా, తెలియనివాడికి చెప్పినట్టు చెప్పాడు. అయిదేళ్ల కింద తనకు రాసిచ్చిన గీతల కాగితం చీటీని ఆపరేషను అయ్యాక ఆస్పత్రివాళ్లు మిగతా కాగితాలతో కలిపి తిరిగిచ్చారు. దాన్ని పసుపుగుడ్డలో చుట్టి పెట్టెలో దాచుకున్నారు. చచ్చిపోతాడనుకున్నవాణ్ని నడిపించి ఇంటికి తెచ్చిన చీటీ. తర్వాత కుప్పన్ చెల్లెలు కాలు విరిగినప్పుడు దాన్నే కొంగున కట్టుకుని పోయింది, బాగైంది. అణైకట్ ఊరినుంచి వచ్చిన బంధువు కూడా జేబులో పెట్టుకుని పోయాడు, ఆయనా బాగయ్యాడు. వాళ్లెవరూ దాన్ని చూపించలేదు, దగ్గర ఉంచుకున్నారంతే. ఈసారి మాత్రం కౌంటర్లో చీటీ అడిగితే దాన్నే ఇచ్చారు.

"నీ పేరుతో ఉన్న చీటీని కోడలికి ఎట్లా ఇచ్చినావయ్యా?"

"రేషను కార్డులో కూడా నా పేరే గదా సామీ ఉండేది. బియ్యం ఇంట్లో అందరూ తింటాము గదా" అన్నాడు కుప్పన్. ఆ మాటలో అతనికి ఏ లోపమూ కనబడలేదు. "కుప్పన్ అని పిలిచినారు. నేను పోయినాను. కోడలికని చెప్తే, ఆమె పేరుతో రాసిన చీటీ తీసుకోని రేపు పొద్దున కొత్తగా రమ్మన్నారు."

"మరి ఎందుకు పోలేదు?"

ఈసారి జవాబు వెనకనుంచి వచ్చింది. తంగమ్మ నెత్తిమీద చుట్టగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. "పెద్ద డాక్టరే భయం లేదన్నాడు గదా సామీ."

"వాడి కడుపుకు భయం లేదన్నాడే!" డాక్టరు అరిచాడు. సారువమీద పనివాళ్లు చేతులు ఆపి కిందికి చూశారు. "ఈ పిల్ల గుండెను ఎవరన్నా చూసినారా? నేను రాసిచ్చిన చీటీ యాడ?"

తంగమ్మ చుట్టగుడ్డను దులిపి మడవసాగింది.

"యాడ పెట్టినావమ్మా?"

"పొయ్యిలో వేసేసినా."

చెంప చెళ్లుమన్నట్టయింది డాక్టరుకు.

"కోపం చేసుకోవాకండి సామీ" అంది తంగమ్మ, ఏడుపు ఆపుకుంటూ. "ఆ మందుబొమ్మ కాగితం మంచిది కాదు. మొదట దాన్ని తీసుకోని పోయింది పుష్పవతి మొగుడు. పెద్దాస్పత్రి గేటు కూడా చూడలే ఆయన. వీధిలో అందురూ చెప్తాండారు, డాక్టరయ్య చేతి రాసి పాత కాగితంలోనే ఉండాది, కొత్తదాంట్లో లేదు అని. నా కొడుకు పెండ్లామును, కడుపులో బిడ్డను ఆ కాగితంతో పంపించేదానికి నాకి మనసు రాలే."

డాక్టరుకు ఒళ్లు మండిపోయింది. తను పెట్టిన చెవి, తను చదివిన చదువు, తను రాసిన నాలుగు ముక్కలు, వీటికి కాదట విలువ. నీలం గీతలకట. నోటికొచ్చినట్టు తిట్టాడు. బుద్ధి లేదా అన్నాడు, మనుషులేనా అన్నాడు, లోపల ఏముందో తెలియకుండా కాల్చేస్తారా అన్నాడు.

అప్పటిదాకా నోరు మెదపని శరవణన్ ముందుకొచ్చాడు. యువరాణి మొగుడు. చేతులకు సిమెంటు ఎండి ఉంది. గట్టిగా కూడా అనలేదు.

"లోపల ఏముండాదో మీరు చెప్పలేదు గదా సార్. మాకి చదివేదానికి రాదు. అంటించి ఇచ్చినారు. చిన్న ఇబ్బంది అన్నారు. చిన్నదే గదా, ఈ గోడ అయినంక పోదాములే అనుకొన్నాము."

డాక్టరు యువరాణివైపు తిరిగాడు. అక్కడే సిమెంటు మూటలమీద పిల్లను కూర్చోబెట్టి వీపుమీద స్టెతస్కోపు పెట్టాడు. ఊపిరితిత్తుల అడుగున చిటపటలు. నీరు చేరడం మొదలైంది. పన్నెండు రోజుల కింద లేదిది. ఈ పిల్లకు ఏమైనా అయితే అది కాగితం తప్పు కాదు, తంగమ్మ తప్పూ కాదు. చిన్న ఇబ్బంది అన్న మాట తన నోటిది.

అందర్నీ కారెక్కించుకుని నేరుగా క్లినిక్కుకు వచ్చాడు. బెంచీమీద పదిహేనుమంది ఉన్నారు. "ఇవాళ లేదు, వేలూరు పోతా ఉండాను, రేపు రండి" అన్నాడు. పెరియసామి గడియారంవైపు చూశాడు, డాక్టరు మొహంవైపు చూశాడు. ఇరవై ఎనిమిదేళ్లలో ఆ మాట వినడం అదే మొదలు. నీరు లాగే ఇంజక్షను చేసి, పిల్ల కొంచెం తెరిపిన పడ్డాక డాక్టరు బల్ల ముందు కూర్చుని ప్యాడు దగ్గరికి లాక్కున్నాడు.

"సామీ" అంది తంగమ్మ. చేతులు జోడించింది. కళ్లు ప్యాడుమీదే ఉన్నాయి.

డాక్టరు ప్యాడుమీది ఎర్ర కాప్స్యూలును ఒక క్షణం చూశాడు. ఇలాంటి పిచ్చి నమ్మకాలకు తలొగ్గితే తను చదివిందెందుకు అనిపించింది. తర్వాత, ఈమెతో వాదించేందుకు పిల్లకు అంత వ్యవధి లేదు అనిపించింది. సొరుగు లాగి, అడుగునున్న నోటుపుస్తకం తీసి, గీతల కాగితం ఒకటి చింపాడు. నీలం సిరాతో మళ్లీ మొదటినుంచి రాశాడు. మడిచి కవర్లో పెట్టి, అలవాటు చొప్పున బంకసీసా మూత తీశాడు. బ్రష్షు కవరు అంచు దాకా వచ్చి ఆగింది.

సీసాకు మూత పెట్టేశాడు.

"ఇట్లా రామ్మా" అన్నాడు యువరాణిని. "ఇందులో ఏం రాసినానో చెప్తాను. బాగా విను."

కాగితం విప్పి, ఒక్కో వాక్యం చూస్తూ తెలుగులో చెప్పాడు. "ఈ పిల్ల పేరు యువరాణి. వయసు ఇరవై ఒకటి. అయిదున్నర నెల కడుపు. చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి గుండెలో ఒక తలుపు చెడిపోయింది. అది సరిగా తెరుచుకోవడం లేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. తొందరగా ఆ తలుపు తెరవకపోతే తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం." చివరి మాటను కూడా మింగేయలేదు, అనేశాడు.

తంగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. శరవణన్ గోడకు ఆనుకున్నాడు. డాక్టరు పిల్లవైపు చూశాడు. కూలబడుతుందనుకున్నాడు. ఆయన అన్నేళ్లుగా భయపడింది ఆ కూలబడటానికే. యువరాణి మాత్రం చేత్తో పొట్ట తడుముకుని అడిగింది.

"తలుపు తెరిస్తే ఇద్దరమూ ఉంటామా?"

"ఎక్కువమంది ఉంటారు. అందరూ ఉంటారని చెప్పలేను."

"అయితే పోదాం పాండి. ఈ సంగతి ముందే చెప్పింటే నేను బాండలి ఎత్తిందాన్ని కాదు గదా సార్."

ఆ మాట ఆమె నిష్ఠూరంగా అనలేదు. వంటగదిలో ఉప్పు డబ్బా ఎక్కడుందో ముందే చెప్పొచ్చు కదా అన్నట్టు అంది. అందుకే డాక్టరుకు మరీ బాధేసింది.

దారిపొడుగునా, ముందుసీట్లో కూర్చున్న యువరాణిచేత చీటీని పాఠంలా అప్పజెప్పించుకున్నాడు. ఊపిరి అందినప్పుడల్లా ఒక్కో ముక్క చెప్పింది. పళ్లికొండ దాటేసరికి కీళ్లజ్వరం వచ్చిన ఏడాదితో సహా మొత్తం వచ్చేసింది. పైగా డాక్టరు రాయడం మరిచిపోయిన సంగతి ఒకటి కూడా చెప్పింది. నెల కింద రెండుసార్లు దగ్గినప్పుడు తెమడలో నెత్తురు జీర పడిందట. అత్త భయపడుతుందని చెప్పలేదట. డాక్టరు రోడ్డు పక్కన కారు ఆపి, కాగితం తీసుకుని ఆ సంగతి కూడా రాశాడు. తను సరిగ్గా అడిగి ఉంటే ఆ రోజే తెలిసేది.

వేలూరులో జనం ఎప్పటిలాగే కిటకిటలాడుతున్నారు. టోకెను తీసుకుని, ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చున్నారు. లోపల గదిలో పనిలో ఉన్న డాక్టరమ్మ వయసులో చిన్నది. తలెత్తకుండానే కాగితం కోసం చెయ్యి చాపింది. జానకిరామన్ తనను పరిచయం చేసుకోబోయాడు. ఆయనకంటే ముందే యువరాణి, సగం తెలుగు, సగం తమిళంలో, రొప్పుతూనే మొదలుపెట్టింది. గుండె తలుపు, కీళ్లజ్వరం, నీరు, నెత్తురు జీర, అన్నీ వరసగా. డాక్టరమ్మ రాయడం ఆపి తలెత్తి చూసింది. వెంటనే లేచి వచ్చి స్టెతస్కోపు పెట్టింది. చీటీ ఆ తర్వాత చదివింది. అది గీతల కాగితమని గమనించిందో లేదో తెలియదు.

ఆ పూటే చేర్చుకున్నారు. అయిదోరోజు బుడగతో తలుపు తెరిచారు. మరో పదిరోజులకు యువరాణి ఇంటికి వచ్చి, దిండుమీద తల పెట్టుకుని వెల్లకిలా పడుకుని నిద్రపోయిందని తంగమ్మ బజారువీధి అంతా వినబడేలా చెప్పింది. తొమ్మిదో నెల నిండాక వేలూరులోనే ఆడపిల్ల పుట్టింది.

అప్పటికి గీతల చీటీ గొప్ప ఇంకా పెరిగిపోయింది. కావేరిపాక్కం నుంచి ఎవరో వచ్చి, ఆ చీటీ రెండురోజులకు ఇప్పించమని అడిగారట. యువరాణి ఇవ్వలేదు. "దాంట్లో ఉండేది నా గుండె. అది మీకెట్ల పనికొస్తాది? మీ చీటీ మీరే రాపించుకోని, ఏమి రాసినారో అడిగి తెలుసుకోండి" అని చెప్పి పంపించిందట. పెరియసామి ఈ మాట మోసుకొచ్చినప్పుడు డాక్టరు నవ్వాడు. చాలా సంతోషం కలిగింది ఆయనకు. ప్యాడ్లను మళ్లీ వాడటం మొదలుపెట్టాడు. బంకసీసాను మాత్రం సరసమ్మకు ఇచ్చేశాడు. ఎవరికి చీటీ రాసినా, వాళ్ల భాషలో చదివి వినిపించి, తిరిగి చెప్పించుకుని పంపేవాడు. ఒక్కో మనిషికి పావుగంట ఎక్కువ పట్టేది. బెంచీమీద జనం విసుక్కునేవాళ్లు.

ఒకరోజు మధ్యాహ్నం, ఒంటిగంట దాటి బెంచీ ఖాళీ అయ్యాక, పుష్పవతి వచ్చింది. సురేంద్రన్ భార్య. ఒంట్లో బాగాలేదేమో అనుకుని డాక్టరు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చుని, రవికలోంచి ఒక కవరు తీసి బల్లమీద పెట్టింది. చెమటకు మెత్తబడింది. అంచు ఇంకా అంటుకునే ఉంది. ఎవరూ చింపలేదు.

"మీరిప్పుడు చీటీ చదివి చెప్తాండారంట గదా సార్. ఇది కూడా చదవండి."

డాక్టరు కవరును ముట్టుకోలేదు. లోపల ఏముందో ఆయనకు గుర్తుంది. "ఇప్పుడెందుకమ్మా?"

"వీధిలో ఇంకా చెప్తానే ఉండారు, కాగితం మంచిది కాదు, దాన్ని తీసుకోని పోయిందాన్ని నేనే అని. యువరాణేమో కాగితంలో ఏమీ లేదు, దాంట్లో రాసిందాంట్లోనే ఉండాది అంటాది. ఏమి ఉండాదో నాకి తెలియాల."

మెత్తగా ఏదో ఒకటి చెప్పి పంపేయొచ్చు. మంచి మందులు రాశానమ్మా, వాడి ఆయుష్షు అంతే అనొచ్చు. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఎప్పటికీ తెలియదు. ఆ మాటలు డాక్టరు నాలుక చివరిదాకా వచ్చాయి కూడా. ఆయన కవరు చింపి, కాగితం విప్పి, కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

"సురేంద్రన్. ముప్పై తొమ్మిదేళ్లు. కాలేయం పూర్తిగా చెడిపోయింది. పొట్టలో నీరు, నెత్తురు వాంతులు. బతికే ఆశ లేదు. నొప్పి తెలియకుండా చూడండి చాలు." కాగితం కింద పెట్టాడు. "అంతే అమ్మా. ఇంకేమీ రాయలేదు."

పుష్పవతి ఏడవలేదు. కాగితాన్ని తనవైపు తిప్పుకుంది.

"అయితే ఆ పొద్దే మీకి తెలుసు."

"తెలుసు."

"ఆ పొద్దు ఆయన కోడిపులుసు అడిగినాడు సార్. ఆస్పత్రికి పోతా ఉండాము, ఇప్పుడు పులుసేమి, బాగై వచ్చినంక చేసి పెడతాను అన్నాను. గంజి తాపిచ్చి టాక్సీ ఎక్కించినాను. దారిలో కూడా అడిగినాడు." ఆమె కొంగుతో బల్లమీద లేని దుమ్ము తుడిచింది. "మీరు చెప్పింటే ఇంట్లోనే పెట్టుకొని ఉంటాను. చేసి పెట్టి ఉంటాను."

క్షమించమని తెలుగులో ఎట్లా అడగాలో, ఇంత వయసు వచ్చిన డాక్టరుకు ఒక్కసారిగా తోచలేదు. "తప్పు నాది పుష్పవతీ" అన్నాడు చివరికి. "కాగితానిది కాదు. నీది అసలే కాదు."

"ఆ మాట వీధిలో వచ్చి చెప్తారా?"

"చెప్తాను. ఈ సాయంకాలమే వస్తాను."

ఆమె తలూపింది. కాగితాన్ని తనే మడిచి, చిరిగిన కవర్లో పెట్టి, రవికలో దోపుకుంది. గడప దాటుతూ, నాలుగు రోజులుగా మోకాలు నొప్పిగా ఉందని, మందు ఉంటే ఇమ్మని అడిగింది. డాక్టరు ఆమెను మళ్లీ కూర్చోబెట్టి, మోకాలు పట్టి చూసి, అది ఏం నొప్పో, ఎందుకొచ్చిందో, ఎప్పటికి తగ్గుతుందో మొత్తం చెప్పాడు.